ఏపీ లిటరేచర్ మీద మన తెలుగు పేరెంట్స్‌కి ఉన్న అపోహలు - వాస్తవాలు

అమెరికాలో హైస్కూల్ పిల్లలకి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) ఇంగ్లిష్ లిటరేచర్ చెప్తుంటాను, ఎక్కువమంది పన్నెండో గ్రేడ్ వాళ్ళే. మనవాళ్ళు ఎక్కడ కలిసినా ఇవే మాటలు వినపడుతుంటాయి, అందుకే ఒకచోట రాస్తున్నా.

అపోహ: "మావాడు ఇక్కడే పుట్టాడండీ, ఇంగ్లిషేగా, 5 గ్యారంటీ."

మాట్లాడే ఇంగ్లిష్ వేరు, ఈ పరీక్ష పేపర్ వేరు, ఇందులో స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది. మొత్తం 3 గంటలు, మొదటి గంటలో 55 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు (45 శాతం), తర్వాత 2 గంటల్లో 3 ఎస్సేలు (55 శాతం). ఒకటి పొయెమ్ మీద, ఒకటి కథలోంచో నవలలోంచో ఇచ్చిన భాగం మీద, మూడోది పిల్లలు చదువుకున్న పుస్తకం మీద. మొదటి రెండిట్లో ఇచ్చేది చాలామందికి అప్పటిదాకా కంటపడనిదే, అక్కడికక్కడ చదివి ఆలోచించి రాయాలి.

అపోహ: పొయెమ్ అర్థమై, దాని భావం రాసేస్తే మార్కులొస్తాయి.

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. మనం స్కూల్లో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాశాం, ఇంటర్ ఇంగ్లిష్‌లో అనొటేషన్లు గైడ్ చూసి బట్టీ పట్టాం, పిల్లలకీ అదే దారి చూపిస్తున్నాం. ఇక్కడ ఒక్కో ఎస్సేకి 6 పాయింట్లు: థీసిస్‌కి (ఎస్సేలో నిలబెట్టబోయే వాదన) 1, ఎవిడెన్స్ (రచనలోంచి చూపే ఆధారాలు), దాని మీద వివరణ కలిపి 4, సాఫిస్టికేషన్‌కి (ఆలోచనలో లోతు) 1. ఉన్న విషయాన్నే మళ్ళీ చెప్పుకుంటూ పోతే ఆ 4లో 1 దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ మెటఫర్ ఉంది, అక్కడ అలిటరేషన్ ఉంది అని పేర్లు పెట్టుకుంటూ పోయినా అంతే. ఉదాహరణకి ఒక పొయెమ్‌లో కొడుకు తండ్రి మీద విసుక్కుంటూ మాట్లాడుతున్నాడు, చివరి రెండు లైన్లలో హఠాత్తుగా పాస్ట్ టెన్స్‌లోకి వెళ్ళిపోయాడనుకోండి, టెన్స్ మారింది అని రాసి వదిలేస్తే ఏం లాభం, ఆ మార్పు వల్ల అప్పటిదాకా విసుగ్గా వినిపించిన గొంతులో దుఃఖం ఎలా బయటపడిందో రాయాలి, పాయింట్లు దానికే.

అపోహ: పెద్ద పెద్ద పదాలు వాడితే సాఫిస్టికేషన్ పాయింట్ వస్తుంది.

రాదు! ఒకే పాత్రలో ప్రేమా పంతమూ రెండూ ఉంటే ఆ పేచీని పట్టుకుని విడమర్చి రాసినవాళ్ళకి వచ్చే అవకాశం ఉంది. ఎస్‌ఏటీ (కాలేజీ అడ్మిషన్ల పరీక్ష) వర్డ్ లిస్టులు దీనికోసం మాత్రం రుద్దకండి.

అపోహ: కాలేజ్ బోర్డ్ (ఏపీ పరీక్షలు పెట్టే సంస్థ) లిస్టులో పుస్తకాలన్నీ చదవాలి.

తప్పనిసరి లిస్టంటూ ఏదీ లేదు. మూడో ఎస్సే దగ్గర కొన్ని పేర్లు ఇస్తారు, వాటిలోంచే రాయాలని కూడా లేదు, ప్రశ్నకి సరిపడే మంచి రచన ఏదైనా తీసుకోవచ్చు. ఇరవై పుస్తకాలకి ఆన్‌లైన్ సమ్మరీలు చదివినవాళ్ళ కంటే నాలుగు పుస్తకాలు రెండేసి సార్లు చదివినవాళ్ళే బాగా రాస్తారు, ఇది నేను చూస్తూనే ఉన్నా.

అపోహ: ఏపీ లాంగ్ (ఇంగ్లిష్ లాంగ్వేజ్), ఏపీ లిట్ (లిటరేచర్) ఒకటే.

కాదు. లాంగ్‌లో ఎక్కువగా నాన్‌ఫిక్షన్, వాదన. లిట్‌లో కథ, కవిత, నాటకం.

అపోహ: కంప్యూటర్ సైన్స్‌కి వెళ్ళేవాడికి దండగ, లేదా కాలేజ్ క్రెడిట్ (కాలేజీలో ఆ కోర్సు చదివినట్టే లెక్కేయడం) కోసమైనా తీసుకోవాలి.

దండగ అనను, ఒక పేజీని అంత నిదానంగా చదవడం ఏ చదువుకైనా పనికొస్తుంది. కానీ చదవడమంటేనే ఇష్టంలేని పిల్లని క్రెడిట్ కోసం బలవంతంగా కూర్చోబెట్టకండి, రెగ్యులర్ ఇంగ్లిష్ తీసుకుంటే కొంప మునిగిపోదు. క్రెడిట్ సంగతి కాలేజీని బట్టి ఉంటుంది, కొన్ని 4కి ఇస్తాయి, కొన్ని 5 అడుగుతాయి, కొన్ని అసలివ్వవు, అప్లై చేసే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో ఏపీ క్రెడిట్ పాలసీ ముందే చూసుకోండి.