‘రన్’ అంటే పరిగెత్తడమేనా? మా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో రోజూ వినే అపోహలు

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. మైత్రీవనం దగ్గర ఒక సందు, కింద జిరాక్స్ షాపు, పైన మా క్లాసు. పొద్దున ఏడు గంటల బ్యాచ్‌కి సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు వస్తారు, సాయంత్రం బ్యాచ్‌కి డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సులు, షోరూముల్లో పనిచేసేవాళ్లు. ఎవరొచ్చినా ఏదో ఒక రోజు ‘రన్’ దగ్గర ఆగుతారు. ఒకటో తరగతిలో నేర్చుకున్న మాట కదా, దీంట్లో ఇంకా నేర్చుకోవడానికి ఏముంటుంది అనుకుంటారు. చాలా ఉంది. అందుకే ఇంత రాస్తున్నాను.

అపోహ: ‘రన్’కి 645 అర్థాలున్నాయట, అవన్నీ వస్తేనే ఇంగ్లీష్ వచ్చినట్టు.

ఈ అంకెను ఫోన్‌లో ఎక్కడో చూసి, భయపడిపోయి వచ్చి అడుగుతారు. అంకె అబద్ధం కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్లు ఆ మాటను మళ్లీ మొదటి నుంచి పరిశీలించినప్పుడు, క్రియగా వాడే ‘రన్’ ఒక్కదానికే 645 అర్థాలు తేలాయని 2011లో వార్తల్లోకి వచ్చింది. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు తొమ్మిది నెలలు ఆ ఒక్క మాట మీదే పనిచేశారు. అంతకుముందు, 1989లో వచ్చిన రెండో కూర్పులో, సుమారు 430 అర్థాలతో ‘సెట్’ ముందుండేది. కానీ అది చరిత్ర నిఘంటువు అన్న సంగతి ఎవరూ చెప్పరు. వందల ఏళ్లలో ఎవరు ఎలా వాడినా, ఇప్పుడు ఎవరూ వాడకపోయినా, ఓడల్లో పనిచేసేవాళ్లు మాత్రమే వాడినా, ప్రతిదానికీ అందులో చోటు ఉంటుంది. లండన్‌లో పుట్టి పెరిగినవాళ్లు కూడా ఆ 645 కంఠతా పట్టలేదు, పట్టరు. మీ పనికి, మీ ఇంటికి, మీ బస్సు ప్రయాణానికి కావలసినవి ఓ పాతిక ఉంటాయేమో, వాటిలో సగం మీకు ఇప్పటికే తెలుసు.

అపోహ: అసలు అర్థం పరిగెత్తడమే, మిగతావన్నీ తర్వాత తగిలించినవి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే, ఈ ఒక్కదానికి గంట తీసుకుంటాను. ముందు బోర్డు మీద తెలుగు మాట రాస్తాను: ‘నడుస్తోంది’. ఏమేం నడుస్తాయో చెప్పమంటాను. కేసు కోర్టులో నడుస్తోంది, కొట్టు బాగానే నడుస్తోంది, గోడ గడియారం నడవట్లేదు, ఈ జీతంతో ఇల్లు నడపడం కష్టం, మెట్రో పొద్దున్నుంచీ నడుస్తోంది, ఏలినాటి శని నడుస్తోంది. రెండు నిమిషాల్లో బోర్డు నిండిపోతుంది. వీటిలో దేనికైనా కాళ్లున్నాయా అని అడిగితే ఒక్క క్షణం క్లాసంతా నిశ్శబ్దం. ‘నడుచు’కి ఇన్ని అర్థాలు ఎవరు నేర్పారు మీకు? ఎవరూ నేర్పలేదు. పక్కన ఏ మాట ఉందో దాన్నిబట్టి మనకే తెలిసిపోతుంది. ‘రన్’ కూడా అంతే.

మనం నడిచే చోట చాలాసార్లు ఇంగ్లీష్ పరిగెడుతుంది, తేడా అంతే. కొట్టు రన్ అవుతుంది, గడియారం రన్ అవుతుంది, రైళ్లు రన్ అవుతాయి, ఇంటిని కూడా రన్ చేస్తారు. రెండు భాషల్లోనూ కింద ఉన్న ఆలోచన ఒకటే, ఆగకుండా సాగడం. నీళ్లు పారడానికి ‘రన్’ అనడం ఇంగ్లీష్‌లో చాలా పాతకాలం నుంచీ ఉంది. తర్వాత యంత్రాలు వచ్చాయి, అవీ రన్ అయ్యాయి, ఆ తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాములు. మా పొద్దున బ్యాచ్ పిల్లలకు కాళ్లతో పరిగెత్తే ‘రన్’ కంటే కోడ్ రన్ చేయడమే ముందు గుర్తొస్తుంది.

అన్నిచోట్లా ఈ లెక్క సరిపోదు, అక్కడే జాగ్రత్త పడాలి. ముక్కు మనకు కారుతుంది, వాళ్లకు రన్ అవుతుంది. సినిమా మనకు వంద రోజులు ఆడుతుంది, వాళ్లకు వంద రోజులు రన్ అవుతుంది. పాలు మనకు అయిపోతాయి, వాళ్లు ‘వి రాన్ అవుటాఫ్ మిల్క్’ అంటారు. పాలు పోయినట్టు కాదు, మనుషులే పాలలోంచి బయటికి వచ్చేసినట్టు ఉంటుంది ఆ వాక్యం. మా క్లాసులో చాలామంది ‘మిల్క్ గాట్ ఓవర్’ అంటారు. అది మన దేశపు ఇంగ్లీష్, ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, నేను తప్పనను. బయటి దేశాల వాళ్లతో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగమైతే మాత్రం ‘రాన్ అవుటాఫ్’ కూడా నోటికి రావాలి. ఎన్నికల సంగతి ఇంకా బాగుంటుంది. అమెరికాలో పదవికి ‘రన్’ చేస్తారు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతారు. మన ఊళ్లో? సర్పంచ్‌గా నిలబడ్డాడు అంటాం.

అపోహ: ఫ్రేజల్ వెర్బ్స్ (‘రన్ ఓవర్’ లాగా క్రియ పక్కన ఇంకో చిన్న మాట చేరి వేరే అర్థం వచ్చేవి) లిస్టు బట్టీ పడితే చాలు.

ఇది చెప్పాలంటే ఒక అమ్మాయి గురించి చెప్పాలి. నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు, సాయంత్రం బ్యాచ్. ఎర్ర అట్ట నోట్‌బుక్, ఎడమవైపు ఇంగ్లీష్, కుడివైపు తెలుగు, నిలువుగా గీత కొట్టి ముత్యాల్లాంటి అక్షరాలతో నూట యాభై దాకా రాసుకుంది. అందులో ‘రన్ ఓవర్’ ఎదురుగా ‘వాహనం కింద తొక్కించు’ అని ఉంది. అది సరైన అర్థమే. ఒక రోజు డ్యూటీలో బయటి రాష్ట్రం నుంచి వచ్చిన డాక్టర్ సెలైన్ బాటిల్ చూపించి ‘రన్ ఇట్ ఓవర్ ఫోర్ అవర్స్’ అన్నారట. అమ్మాయి చెవికి ‘రన్... ఓవర్’ తగలగానే మనసు నోట్‌బుక్‌లోకి వెళ్లిపోయింది, అక్కడ ఉన్న అర్థం ఇక్కడ అతకలేదు. మళ్లీ చెప్పమని అడిగితే అందరి ముందూ కసురుకున్నారు. ‘‘సార్, రోజూ నేను చేసే పనే. సెలైన్ ఎన్ని గంటల్లో ఎక్కించాలో నాకు తెలీదా? ఆ మాటే అడ్డం పడింది’’ అంది. కళ్లనిండా నీళ్లు.

ఆ రోజు క్లాసు ఆపి ఆ ఒక్క వాక్యమే బోర్డు మీద రాశాం. ‘రన్ ఇట్’ ఒక ముక్క, ‘ఓవర్ ఫోర్ అవర్స్’ ఇంకో ముక్క. ఇక్కడ ‘ఓవర్’ గంటల పక్షం, ‘రన్’ పక్షం కాదు. నాలుగు గంటల పాటు నిదానంగా ఎక్కించమని అర్థం. లిస్టులో రెండు మాటలు పక్కపక్కన కట్టేసి ఉంటాయి, నిజం వాక్యంలో ఏది ఎవరితో కలిసిందో మనమే చూసుకోవాలి. అడిగినందుకు ఆ అమ్మాయిది తప్పు అని నేను ఎప్పటికీ ఒప్పుకోను. మందులు, సెలైన్ల దగ్గర అర్థం కానప్పుడు అడగడమే సరైన పని.

ఇలాంటిదే టెస్టింగ్ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒకబ్బాయికి జరిగింది. మేనేజర్ ‘రన్ ఇట్ బై మీ ఫస్ట్’ అని మెసేజ్ పెడితే, తన పక్కన కూర్చుని స్క్రిప్ట్ రన్ చేయమన్నారనుకుని లాప్‌టాప్ పట్టుకుని వెళ్లి నిలబడ్డాడు. పంపేముందు నాకొకసారి చూపించి నా అభిప్రాయం అడుగు అని దాని అర్థం. కంప్యూటర్ల మధ్య పనిచేసే పిల్లలకు ఇది అందరికన్నా ఎక్కువ కష్టం, ఎందుకంటే వాళ్ల చెవికి ‘రన్’ అంటే ఒకటే వినిపిస్తుంది.

అపోహ: చిన్న మాటలు చిన్నపిల్లల ఇంగ్లీష్, ఇంటర్వ్యూలో పెద్ద మాటలు వాడాలి.

లేదు. షాపు నడుపుతున్నానని చెప్పడానికి ‘ఐ రన్ ఎ షాప్’ కంటే మంచి వాక్యం లేదు. ‘ఆపరేట్’ అంటే మిషన్ దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. బరువైన మాటలు రాతలో కొన్నిచోట్ల కావాలి, మాట్లాడేటప్పుడు మాత్రం ఇంగ్లీష్‌లో భారమంతా మోసేవి ఈ పొట్టి మాటలే: రన్, గెట్, పుట్, టేక్, సెట్.

అపోహ: మనం తెలుగులో వాడే ‘రన్నింగ్’ అక్కడా అలాగే పనిచేస్తుంది.

రన్నింగ్ బస్సు ఎక్కకు అని అమ్మలు చెప్తారు, తెలుగులో అది చక్కటి మాట, మార్చుకోనక్కర్లేదు. ఇంగ్లీష్‌లో మాత్రం ‘మూవింగ్ బస్’ అనాలి. ‘రన్నింగ్ రేస్’ అక్కడ ఒట్టి ‘రేస్’. ‘రన్నింగ్ నోస్’ని బయట ఎక్కువగా ‘రన్నీ నోస్’ అంటారు.

దీన్నే తిరగేస్తే, మనం ‘నడుస్తోంది’ అన్నచోటల్లా ‘రన్’ పెట్టేయడం కూడా కుదరదు. కోర్టు కేసు రన్ అవదు, ‘గోయింగ్ ఆన్’ అనాలి. ‘ఏం నడుస్తోంది?’ అంటే ‘వాట్ ఈజ్ రన్నింగ్’ కాదు, ‘వాట్స్ గోయింగ్ ఆన్’. ఇక మన హైదరాబాద్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా వినిపించే ‘నడుస్తది తియ్’ ఉంది చూడండి, టీలో చక్కెర తక్కువైనా అదే, కొన్న చొక్కా కాస్త వదులైనా అదే. మొన్న ఒకబ్బాయి దాన్ని ‘ఇట్ విల్ రన్’ అన్నాడు, క్లాసులో ఒక్కరికీ అనుమానం రాలేదు. అక్కడ ‘ఇట్ విల్ డూ’ అనాలి. రేపు ఏడు గంటల బ్యాచ్‌లో మొదలుపెట్టేది ఆ ‘డూ’తోనే.