చావు వేడి: త్సోంగాల మరణాచారాల మీద అపోహలు – వాస్తవాలు

దక్షిణాఫ్రికాలోని లింపోపో రాష్ట్రంలో, గియానీ చుట్టుపక్కల ఊళ్ళలో టీబీ రోగుల కుటుంబాలతో పనిచేస్తాను. చదివింది మానవశాస్త్రం. ఇక్కడి జనం ఎక్కువగా త్సోంగాలు, షాంగాన్లు అని కూడా అంటారు. సరిహద్దు దాటి మొజాంబిక్ దక్షిణానికి వెళ్ళినా వీళ్ళ చుట్టాలే కనబడతారు. ఈ వైపు ఉద్యోగాలకి వచ్చే మనవాళ్ళు, ముఖ్యంగా డాక్టర్లు, వీళ్ళ చావు ఆచారాల గురించి అడుగుతుంటారు. ఆ ప్రశ్నల్లో దొర్లే అపోహల వల్ల రోగులకి జరిగే నష్టం కళ్ళారా చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇదంతా దెయ్యాల భయం.

భయం ఉంది. అయితే అది శవం లేచి వస్తుందన్న భయం కాదు. త్సోంగాల లెక్కలో చావు వేడి. మనిషి పోతే ఇల్లు వేడెక్కుతుంది. ఆ వేడి అందరికంటే ఎక్కువగా తగిలేది భార్యకి, గొయ్యి తవ్వినవాళ్ళకి. 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడి ఆచారాలని వివరంగా రాసిపెట్టిన స్విస్ మిషనరీ ఆంరీ జూనో, గొయ్యి తవ్వినవాళ్ళు మందాకుల ఆవిరి పట్టుకోవడం గురించి చెప్పాడు. వేడి చల్లారేదాకా ఆ ఇంటి దంపతులు ఒకరికొకరు దూరంగా ఉండాలి. మన మైలతో పోల్చుకుంటే కొంత అర్థమవుతుంది, కానీ రెండూ ఒకటి కాదు. మన మైల ముందుగా పూజకీ శుభకార్యానికీ అడ్డం. వీళ్ళ వేడి నేరుగా ఒంట్లోకి దిగి జబ్బవుతుంది.

మాటలోనూ ఈ జాగ్రత్త ఉంది. "కు ఫా" అంటే చావడం, పశువుకి వాడతారు. మనిషైతే "కు లోవా" అనాలి, లేదా ఈ నేల మీంచి దాటిపోయారనాలి. మనం "కాలం చేశారు" అంటామే, అలా. కొత్తగా వచ్చిన ఒక డాక్టరు మొదటి మాట నేర్చుకుని, భర్త పోయిన ఆవిడని అదే మాటతో అడిగాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

అపోహ (రోగులది): తిండ్జాకా అనే చావు జబ్బుకి ఆసుపత్రి మందు పనిచెయ్యదు.
అపోహ (డాక్టర్లది): తిండ్జాకా ఒట్టి మూఢనమ్మకం, వినక్కర్లేదు.

ఈ రెండూ కలిసే మనుషుల్ని చంపుతున్నాయి కాబట్టి కలిపే చెబుతాను. మైల రోజుల్లో నియమం తప్పినా, శుద్ధి కాని వితంతువుతో కలిసినా వచ్చే జబ్బుని తిండ్జాకా అంటారు. దగ్గు, చిక్కిపోవడం, నీరసం. టీబీ లక్షణాలు చదివినట్టే ఉంటుంది.

ఎందుకలా? జోహన్నెస్‌బర్గ్ చుట్టుపక్కల ఉన్న విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లోకి ఈ ప్రాంతం మగవాళ్ళు, మొజాంబిక్ దక్షిణం నుంచి మరీ ఎక్కువగా, వందేళ్ళకి పైగా వెళ్తూనే ఉన్నారు. రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకి టీబీ తేలిగ్గా అంటుకుంటుంది. గనికి వెళ్ళిన భర్త జబ్బుతో ఇంటికొస్తాడు, ఒకే గదిలో పడుకుంటాడు, పోతాడు. కొన్ని నెలలకి భార్య దగ్గడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఆమె దగ్గరికి వచ్చినవాడు. ఊరు చూసింది ఇదే: చావు తగిలిన మనిషిని చేరినవాడికి దగ్గు వస్తోంది. ఆ పరిశీలనలో తప్పులేదు. రాబర్ట్ కోఖ్ 1882లో టీబీ క్రిమిని కనిపెట్టకముందు ప్రపంచంలో చాలామందికి ఇంతకంటే బాగా తెలియదు. తప్పల్లా కారణంలో ఉంది. అంటించేది గదిలోని గాలి, చావు వేడి కాదు.

ఒకావిడ గుర్తొస్తుంది. ముప్పై దాటి ఉంటాయేమో. నల్ల బట్టలు, భుజాల మీద నల్ల గుడ్డ, గొంతు దగ్గర పిన్నీసు. ఒక క్లినిక్‌లో "ముందు ఈ నమ్మకాలు మానెయ్, తర్వాత మందులిస్తాం" అన్నారట. రెండు నెలలు మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. నేను ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం పక్కన చాప మీద కూర్చుని, దగ్గినప్పుడల్లా ఎనామిల్ కప్పులో ఉమ్మి, పైన సాసర్ మూత పెడుతోంది. నేను ఆవిడతో కాకుండా అత్తగారితో మాట్లాడాను. పెద్దావిడని ఇక్కడ "కోక్వానా" అనాలి, మనం మామ్మగారూ అన్నట్టు. "కోక్వానా, ఇంటి వేడిని మీ పద్ధతిలో మీరు చల్లార్చుకోండి. ఛాతీలో ఉన్న పురుగుని మమ్మల్ని చంపనివ్వండి. రెండు పనులూ ఒకేసారి జరగొచ్చు" అన్నాను. చాలాసేపు నేలకేసి చూసి, "ఎన్నాళ్ళు?" అంది. ఆరు నెలలన్నాను. "మైల ఏడాది. ఆరు నెలలెంత" అంది.

ఆ రోజు నుంచి మాత్రల డబ్బా అత్తగారి దగ్గరే ఉంది. రిఫాంపిసిన్ అనే టీబీ మందు మింగితే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. అది చూసి ఆవిడ "వేడి బయటికి పోతోంది" అని సంబరపడింది. అది మందు రంగేనని చెప్పాను. కోర్సు పూర్తయింది.

డాక్టర్లకి నా విన్నపం ఒక్కటే. ఇక్కడ దగ్గుతో వచ్చినవాళ్ళని "ఈ మధ్య మీ ఇంట్లో ఎవరైనా దాటిపోయారా?" అని అడగండి. ఆ జవాబుతో టీబీ ఎవరి నుంచి వచ్చిందో, ఇంకెవరికి పరీక్ష చెయ్యాలో తెలిసిపోతుంది.

అపోహ: వితంతువు మరిదితో పడుకోవలసిందే, వేరే దారి లేదు.

మొజాంబిక్ దక్షిణంలో కుచింగా అనే శుద్ధి ఉంది. మైల ముగించడానికి పోయినవాడి సోదరుడు వితంతువుతో కలవడం అందులో భాగం. హెచ్ఐవీ వచ్చాక ఇది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఆమె ఇష్టం అడగని ఏ ఆచారాన్నీ నేను సమర్థించను. అయితే మూలికలతో స్నానం చేయించి, ఆవిరి పట్టించి అదే శుద్ధి పూర్తిచేసే పద్ధతి కూడా ఉంది, సంప్రదాయ వైద్యులే చేయిస్తున్నారు. కాబట్టి వితంతువు పక్కన నిలబడేవాళ్ళు "ఆచారం మానెయ్" అనే బదులు "మూలికల పద్ధతి అడుగు" అంటే ఆమెకి ఇంట్లో చోటు పోదు.

అపోహ: చావింట్లో అల్లరి చేస్తారు, పెద్దలంటే గౌరవం లేదు.

పితృదేవతలని స్విక్వెంబు అంటారు. వాళ్ళకి మేకని బలిచ్చినప్పుడు పోయినవాడి మేనల్లుళ్ళు నైవేద్యం మాంసం లాక్కుని పరిగెత్తేవారని, మిగతావాళ్ళు వెంటపడి కొట్టేవారని జూనో రాశాడు. వీళ్ళలో మేనమామని "మాలుమె" అంటారు. మామ సొత్తు మీద మేనల్లుడికి ఉన్న చనువు మరెవరికీ లేదు. పితృదేవతల తరఫున తీసుకునేది అతనే, అందుకే అది దొంగతనం కాదు. మేనమామ, మేనల్లుడి సరసాలు తెలిసిన మనకి ఇది త్వరగా అర్థం కావాలి. డప్పుల మోతతో, చిందులతో శవాన్ని సాగనంపే ఊళ్ళు మనకీ ఉన్నాయి.

అపోహ: కవలలని పసిపిల్లల్లా చూడరు, పోతే పారేస్తారు.

పారెయ్యరు. పాతకాలంలో కవలలు ఆకాశం బిడ్డలు. వాళ్ళు చనిపోతే తడి నేలలో, చెరువు గట్టున పాతేవాళ్ళు. ఎండిన చోట పాతితే వాన పడదని నమ్మేవాళ్ళు. వానలు మొహం చాటేస్తే పాత గొయ్యి తవ్వి, తడి నేలకి మార్చిన సందర్భాలూ ఉన్నాయి.

అపోహ: దూరాన పోయినవాడికి ఇక ఇల్లు లేదు.

ఇల్లు ఉంది. పొరుగు జాతి జూలూలు పోయినవాడి ఆత్మని ముళ్ళకొమ్మతో ఇంటికి తీసుకొస్తారు. ఆ చెట్టు మన రేగుకి చుట్టమే. యూట్యూబ్‌లో అది చూసి త్సోంగాలకి అంటగట్టేవాళ్ళున్నారు. త్సోంగాల దారి తెలియాలంటే, ఒకప్పుడు మొజాంబిక్ దక్షిణంలో ఉన్న గాజా రాజ్యపు చివరి రాజు న్గుంగున్యానె సంగతి చూడండి. షాంగాన్ అన్న పేరు వచ్చింది ఆయన తాత సోషంగానె నుంచే. 1895లో పోర్చుగీసువాళ్ళు పట్టుకుని అట్లాంటిక్ సముద్రంలోని అజోర్స్ దీవులకి తీసుకెళ్ళారు, 1906లో అక్కడే పోయాడు. 1985లో ఆయన అవశేషాలని మొజాంబిక్‌కి తెచ్చారు. వచ్చింది సమాధి దగ్గరి మట్టేనంటారు. అది చెక్కిన కర్రపెట్టెలో, మొజాంబిక్ రాజధాని మపూటోలోని కోటలో ఉంది. ఆ మట్టినే రాజుగా స్వాగతించారు.

అపోహ: పరాయివాళ్ళు చావింటికి వెళ్ళకూడదు.

వెళ్ళకపోతేనే బాధపడతారు. జోహన్నెస్‌బర్గ్ నుంచి అందరూ చేరేలా ఖననం ఎక్కువగా శనివారం తెల్లవారుజామున పెట్టుకుంటారు. ఆడవాళ్ళు తలకి గుడ్డ కట్టుకుని, మోకాళ్ళ కిందికి వచ్చే బట్టలు వేసుకోవాలి. మట్టి వెయ్యమంటే ఒక పిడికెడు వెయ్యండి. తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర నీళ్ళ టబ్ ఉంటుంది. అందులో చేతులు కడుక్కోకుండా లోపలికి అడుగుపెట్టకండి. తర్వాత భోజనం పెడతారు, తినే రండి.