గోడ ఎవరి వైపు తిరిగి ఉంది

మహబూబ్‌నగర్

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. వెట్టిచాకిరి చేయించి కట్టుకున్న గడీని చూసి కూడా మనసు "ఎంత బాగుంది" అంటుంది కదా, అలా అనుకోవడం తప్పా అని మీరు అడిగారు. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో తేల్చేస్తే ఎటు చెప్పినా ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది కనుక, నిదానంగా ఉత్తరమే రాస్తున్నాను.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దొరలు, దేశ్‌ముఖులు కట్టించుకున్న గడీలలో ఇంకా నిలిచి ఉన్నవాటిని ముందు బయటినుంచి చూడండి. రెండు మూడు నిలువుల ఎత్తున్న ప్రహరీ, ఊరి వైపు కిటికీ అన్నదే లేని గోడలు, ఒకే ఒక్క పెద్ద దర్వాజా. ఆ దర్వాజా దాటి లోపలికి పోతే అంతా మారిపోతుంది. నడుమ ఆకాశం కనిపించే విశాలమైన వాకిలి ఉంటుంది, దాని చుట్టూ టేకు స్తంభాల సాయబాన్, అంటే వసారా, ఉంటుంది, స్తంభాల తలల మీద చిలుకలు, తామర మొగ్గలు చెక్కి ఉంటాయి. గాలి, వెలుతురు, కళ్ళకు ఇంపైనదంతా లోపలి వాళ్ళకు. ఊరికి దక్కింది గోడ వీపు మాత్రమే. ఆ గోడకు రాళ్ళు మోసినవాళ్ళలోనూ, సున్నం నూరినవాళ్ళలోనూ కూలి ముట్టనివాళ్ళు ఎందరో ఉన్నారు. వెట్టిని ఎదిరించిన ఊరేగింపు మీద 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. ఆ తెలంగాణ సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. ఊరికి భయపడే ఇల్లు ఊరికి వీపు చూపిస్తుందనడానికి గడీ గోడే సాక్ష్యం.

మరి ఆ చెక్కిన స్తంభాల మాటేమిటి? నేను ఆలోచించి చెబుతున్న మాట ఇది. ఆ చిలుక ముక్కు వంపు దొర చేతిలోంచి రాలేదు, పేరు తెలియని ఒక వడ్రంగి చేతిలోంచి వచ్చింది. కూలి దక్కుతుందో లేదో తెలియని చోట కూడా అతడు ఉలిని అడ్డదిడ్డంగా నడపలేదు, కొయ్య గీత ఎటు పోతుందో చూసుకుని దాని వెంటే నడిపాడు. కాబట్టి స్తంభం అందంగా ఉందని నిస్సంకోచంగా అనండి. కాదంటే ఆ వడ్రంగి దగ్గర మిగిలిన ఒక్క ఆస్తినీ మనం కూడా లాక్కున్నట్టే. గడీ అందంగా ఉందని అనడానికి మాత్రం నాకు నోరు రాదు. గడీ అంటే స్తంభాలు మాత్రమే కాదు, ఊరి వైపున్న ఆ గోడ కూడా గడీయే.

దీనికి ఎదురుగా మన మామూలు పెంకుటిళ్ళను చూడండి. దర్వాజాకు రెండు పక్కలా వీధి వైపు ఒక అరుగు ఉండేది. ఆ ఇంటివాళ్ళకు దాని అవసరం కొంతే. దారిన పోయే ముసలమ్మ గంప దించుకుని కూర్చునేది దాని మీద, వానకు తడిసినవాడు చూరు కింద నిలబడేది దాని మీద. సొంత జాగాలోంచి రెండు మూర్లు వీధికి వదిలిపెట్టే ఆ ఆలోచన వల్లనే, ఎర్రమన్ను అలికి ముగ్గు వేసిన ఆ ఇంటి ముందుభాగానికి ఒక నిండుదనం వచ్చింది. అన్ని కులాలవాళ్ళనూ అన్ని అరుగుల మీదా కూర్చోనిచ్చేవారు కాదన్న సంగతి కూడా మీకు చెప్పాలి. అరుగు అందంలో ఆ వెలితి ఉండనే ఉంది. ఇప్పుడు కడుతున్న ఇళ్ళలో జాగా అంతా గేటు లోపలికి పోయింది, వీధికి మిగిలింది కారు ఎక్కే వాలు ఒక్కటే.

గుళ్ళ సంగతి ఇంకొంచెం చిక్కైనది. నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా గర్భగుడిలో కదలకుండా నిలిచే నీడను చూసి మీరు ఆశ్చర్యపోయారు, పోవలసిందే. కందూరు చోళుల నాటి ఆ గుడికి దగ్గరలోనే ఉదయసముద్రం చెరువు ఉంది. గుడినీ చెరువునూ తోటనూ సప్త సంతానాలలో, అంటే మనిషి పేరు నిలిపే ఏడింటిలో, కలిపి లెక్కించిన కాలం అది. గుడి కట్టించడం ఎంత పుణ్యమో చెరువు తవ్వించడమూ అంతే పుణ్యమని నమ్మారు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఒక ఆడమనిషి పేరుతో ఒక గుడి నిలిచి ఉండటం నాకు సంతోషంగా ఉంటుంది. అయితే శాసనం చదివేటప్పుడు, కట్టించినవారి పేరు తెలిసినంత సులువుగా కట్టినవారి పేర్లు తెలియవన్న సంగతి మనసులో పెట్టుకోండి.

ఆలంపురంలో మీరు చూసిన సంగమేశ్వరాలయం మొదటినుంచీ అక్కడిది కాదు. అది కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని, ఏ రాయి ఎక్కడిదో గుర్తు పెట్టుకుని, విప్పి, తెచ్చి, మళ్ళీ అదే వరుసలో పేర్చారు. చాళుక్యుల నాటి శిల్పం మునగకుండా కాపాడినవాళ్ళకు చేతులెత్తి మొక్కుతాను. కానీ అదే నీళ్ళ కింద పాలమూరు, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు పోయాయి, లక్ష మంది దాకా ఇళ్ళు వదిలారు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో, ఏ పొలం గట్టు ఎవరిదో గుర్తు పెట్టుకుని ఆ ఊళ్ళను అంత శ్రద్ధగా మళ్ళీ పేర్చినవాళ్ళు లేరు. రాయికి చూపించిన ఓపిక మనిషికి చూపించలేదన్న బాధ ఆ గుడి ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు కలుగుతుంది. ఆ బాధ వల్ల గుడి అందం తగ్గలేదు, కానీ అది తెలియకుండా చూసిన చూపు సగం చూపే.

ఆనకట్టల మాట వచ్చింది కనుక మన పాలమూరు కూలీల గురించీ చెప్పాలి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌లో ప్రధాన ఆనకట్ట రాతికట్టడం. తట్టలతో మోసి, చేతులతో పేర్చినది. అలాంటి ప్రాజెక్టులు దేశంలో ఎక్కడ మొదలైనా గుంపు మేస్త్రీలు మన పల్లెలకు వచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, కుటుంబాలకు కుటుంబాలను లారీలు ఎక్కించుకుపోయేవారు. ఆ కూలీల సొంత చేలు మాత్రం ఎండి ఉండేవి, వాళ్ళ పిల్లలు కంకర కుప్పల పక్కన పెరిగేవారు. యాభై మందికి మించి ఆడ కూలీలు ఉన్న చోట పిల్లలకు నీడ పట్టున గది ఏర్పాటు చేయాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఏ పెద్ద కట్టడం ముందు నిలబడ్డా, ఇది కట్టేటప్పుడు కూలీల పిల్లలు ఎక్కడ పడుకున్నారని అడగడం మీకు అలవాటు కావాలి.

ఇక కంటికి కనపడని చోట ఉండే మంచిచెడ్డలు. కాంక్రీటు పోయడానికి స్తంభం చుట్టూ బిగించిన పలకలు విప్పినప్పుడు ఒక్కోసారి కాంక్రీటులో తేనెతుట్టెలాగా రంధ్రాలు, తేలిన కంకర కనిపిస్తాయి. పోసేటప్పుడు సరిగా కూరకపోవడం దానికి కారణం. పలకలు విప్పిన సాయంత్రమే తాపీతో నాలుగు బొచ్చెల మాలు పూసేస్తే మర్నాటికి ఆ మచ్చ ఎవరికీ కనపడదు, రంగు వేస్తే ముద్దుగా కూడా ఉంటుంది. కానీ లోపలి ఇనుముకు తేమ చేరుతుంది, తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పెళ్ళలు పెళ్ళలుగా ఊడగొడుతుంది. ఆ పెళ్ళ ఎవరి నెత్తిన పడుతుందో మాలు పూసినవాడికి తెలియదు. అలాగే కొత్త కాంక్రీటును కనీసం 7 రోజులు, మనలాంటి ఎండ ప్రాంతాల్లో 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలి. ఆ నీళ్ళు పట్టారో లేదో గృహప్రవేశం నాడు ఏ చుట్టమూ చూడడు. ఇలాంటి చోట చేసిన మోసం మీద నిలిచిన అందాన్ని నేను అందంగా ఒప్పుకోను.

దీనికి నాకు నచ్చిన జవాబు ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ కట్టిన ఇళ్ళలో దొరికింది. ఇంటికి కావలసిన సామాను అయిదు మైళ్ళ లోపల దొరికేదై ఉండాలని గాంధీజీ అన్న మాటను ఆయన జీవితమంతా పట్టుకున్నాడు. ఇటుకలను అంచు మీద నిలబెట్టి నడుమ ఖాళీ వదిలి కట్టే గోడను ఆయన విరివిగా వాడాడు. దానికి ఇటుకలు పావు వంతు దాకా తక్కువ పడతాయి, లోపలి గాలి వేడిని ఆపుతుంది. తరచుగా గోడకు పైపూత కూడా పూయించేవాడు కాదు. పూత లేకపోతే ప్రతి వరుసా, ప్రతి అతుకూ కనపడుతుంది కనుక మేస్త్రీ వంకర పెట్టి తప్పించుకోలేడు, బాగా పెడితే ఆ పనితనం ఎప్పటికీ కనపడుతూనే ఉంటుంది. పేదవాడి డబ్బు ఆదా కావడమూ గోడకు అందం రావడమూ అక్కడ ఒకే పని అయ్యాయి. మనకు నల్లగొండ గ్రానైటూ, తాండూరు నాపరాయీ చేతికి అందే దూరంలో ఉన్నాయి, అయినా ఎండ మండే ఊళ్ళో పడమటి గోడంతా అద్దాలు బిగించి లోపల ఏసీలు పెట్టుకుంటున్నాం. ఆ ఏసీల వేడిగాలి పక్కింటి రేకుల షెడ్డు మీదికి పోతుందన్న ఆలోచన మనకు రావడం లేదు.

మీ బడిలో కొత్త గదులకు పునాదులు తీస్తున్నారని తెలిసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం నడవలేని పిల్లలు కూడా అడ్డంకి లేకుండా లోపలికి రాగలగాలి. అందుకు కట్టే ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవైనా ఉండాలి. జాగా చాలలేదని నిటారుగా కడితే చక్రాల కుర్చీ వెనక్కి జారుతుంది. దాన్ని ముందు మెట్ల పక్కనే కడుతున్నారా, ముఖద్వారం చూపు చెడుతుందని వెనకవైపు మరుగుదొడ్ల దగ్గర పెడుతున్నారా అన్నది హెడ్‌మాస్టరు గారిని మర్యాదగా అడిగి తెలుసుకోండి. వెనకే అని అంటే, ర్యాంపునూ మెట్లనూ కలిపి ముందువైపే ఎలా కట్టవచ్చో మీరే కాగితం మీద గీసి చూపించండి, నాకూ ఒకటి పంపండి. కొలతలు నేను సరిచూసి పెడతాను.

మీ తాతయ్య