పాత బుల్లెట్‌లో ఆయిలు లీకు: అపోహలు - వాస్తవాలు

ఇక్కడ చెప్పేదంతా పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 గురించి. ఇంజను వేరుగా, గేరుబాక్సు వేరుగా ఉండి, ఎడమవైపు ప్రైమరీ కవరు లోపలి చైను ఆ రెండింటినీ కలిపే బండి అది. తర్వాత వచ్చిన, ఇంజనూ గేరుబాక్సూ ఒకటిగా ఉండే యూనిట్ ఇంజన్లకు ఇందులో సగం మాటలు వర్తించవు. పాత బండ్లకు మాత్రం ఒకే జబ్బుకు మళ్లీ మళ్లీ తప్పుడు వైద్యం జరుగుతోంది. ఒకే లీకుకు రెండు మూడు షెడ్లలో డబ్బు కట్టి, కవర్ల చుట్టూ గమ్ము పొరలు పొరలుగా పేరుకున్న బండ్లు వస్తుంటే బాధేస్తుంది.

అపోహ: బుల్లెట్ అన్నాక ఆయిలు కారాల్సిందే. కారడం లేదంటే లోపల ఆయిలు లేనట్టే.

ఈ మాటను నవ్వుతూ అంటారు కానీ, దీన్ని నమ్మే చాలామంది లీకును వదిలేస్తారు. బాగా కూర్చిన కాస్ట్ ఐరన్ ఇంజను కింద నేల పొడిగానే ఉంటుంది. ఎక్కడో కాస్త చెమ్మ పట్టి, దానిమీద దుమ్ము అంటితే సరే, పాత ఇంజను అనుకోవచ్చు. రాత్రి నిలిపిన చోట పొద్దున్నే బొట్లు కనిపిస్తే మాత్రం అది బండి స్వభావం కాదు. దానికో కారణం ఉంటుంది, ఆ కారణం దొరుకుతుంది కూడా.

అపోహ: లీకవుతోందంటే ప్యాకింగ్ (రెండు భాగాల మధ్య వేసే పొర) పోయినట్టే.

అసలు విషయం ఇక్కడే ఉంది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. ఈ ఇంజను బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 70 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 90. పిస్టను కిందికి దిగిన ప్రతిసారీ దాని కిందున్న 346 సీసీ గాలిని ఇంజను కింది గది అయిన క్రాంక్‌కేసులోకి నొక్కుతుంది. నిమిషానికి 3000 తిరుగుళ్ల దగ్గర ఈ పని సెకనుకు 50 సార్లు జరుగుతుంది. ఆ గాలి బయటికి పోవడానికే బ్రీదరు ఉంది. పాత మోడళ్లలో దాని చివర కొస చీలిన రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది. గాలిని బయటికి పోనిస్తుంది, లోపలికి రానివ్వదు. అందువల్ల క్రాంక్‌కేసులో ఒత్తిడి తక్కువగా ఉండి, ఆయిలు లోపలే నిలుస్తుంది.

ఆ రబ్బరు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి అతుక్కుపోతుంది, లేదా చీలిక తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. బ్రీదరు పైపు ఎక్కడో నలిగినా, దాని బదులు ఎవరో సన్నపైపు తగిలించినా ఇదే గతి. విజిల్లో మెతుకు అడ్డుపడిన కుక్కరు పక్కనుంచి ఆవిరి కక్కినట్టు, లోపలి ఒత్తిడి ఏ జాయింటు బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిలును తోస్తుంది. మీరు టాపెట్ కవరు ప్యాకింగ్ మారుస్తారు, వారానికి ఇంజను పైనున్న రాకర్ కవరు కారుతుంది. దాన్ని మారిస్తే ప్రైమరీ పక్క సీలు. ఒకేసారి రెండు మూడు చోట్ల లీకు మొదలైతే ముందు చూడాల్సింది ప్యాకింగులు కాదు, బ్రీదరు.

పరీక్ష తేలిక. ఇంజను వేడెక్కాక ఐడిలింగ్‌లో పెట్టి, బ్రీదరు పైపు కొసకు తడివేలు అడ్డం పెట్టండి. గాలి బయటికి కొడుతున్నట్టు తెలియాలి, వేలిని లోపలికి లాగకూడదు. లాగుతుంటే ఆ రబ్బరు పనిచేయడం లేదు. అసలేమీ తెలియకపోతే పైపు మూసుకుపోయింది. చవకైన ముక్క, చేత్తో మార్చుకోవచ్చు. పైపులోంచి బొట్లు పడుతున్నాయని కొందరు దానికి బోల్టు బిగించి మూసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

బ్రీదరు బాగానే ఉండి కూడా పొగలాగా వేడిగాలి జోరుగా వస్తోందంటే, అప్పుడు పిస్టను రింగుల మీద అనుమానపడాలి.

అపోహ: బొట్టు ఎక్కడ పడితే లీకు అక్కడే.

ఆయిలు కిందికి జారుతుంది, బండి కదిలితే గాలికి వెనక్కి పాకుతుంది. రాకర్ కవరు దగ్గర కారింది ఇంజను చుట్టూ ఉండే ఫిన్నుల (రెక్కల) మీదుగా దిగి క్రాంక్‌కేసు అడుగున వేలాడుతుంది. అది చూసి క్రాంక్‌కేసు జాయింటు పోయిందని ఇంజను మొత్తం దించిన సందర్భాలున్నాయి.

ముందు కడగండి. కిరోసినో డీజిలో వేసి బ్రష్షుతో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వండి. అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. పది నిమిషాలు నడిపి వచ్చి టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడరు మీద తడిగీత కనిపిస్తుంది. ఆ తడికి అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న కొసే లీకు మొదలైన చోటు. నడిపి వచ్చాక ఏమీ లేకుండా తెల్లారేసరికి బొట్టు పడితే, ఒత్తిడి వల్ల కాక నిలిచిన ఆయిలు ఏదో సీలు దాటి జారుతోందన్నమాట.

ఈ బండికి నేను ముందుగా చూసే చోట్లు కొన్ని ఉన్నాయి. సిలిండరు అడుగున కుడివైపున్న టాపెట్ కవరు. హెడ్డుకు, అంటే ఇంజను పైభాగానికి, ఆయిలు తీసుకెళ్లే బయటి పైపు బాంజో బోల్టుల (ఆయిలు పోయేలా మధ్యలో రంధ్రమున్న బోల్టుల) వాషర్లు. హెడ్డుకీ సిలిండరుకీ మధ్య కుడివైపు, వాల్వులను కదిపే పుష్‌రాడ్లు దిగే చోటు. ఎడమవైపు ప్రైమరీ కవరు అడుగు. గేరుబాక్సు స్ప్రాకెట్ వెనుక సీలు.

అపోహ: ఇంకో పట్టు బిగిస్తే ఆగిపోతుంది.

ఈ బండిలో అతిబిగింపు వల్ల వచ్చే లీకులే ఎక్కువని నా నమ్మకం. ప్రైమరీ కవరంతా మధ్యలో ఉండే ఒకే ఒక నట్టు మీద నిలుస్తుంది. ఆయిలును ఆపేది నట్టు కాదు, అంచు చుట్టూ ఉన్న రబ్బరు. నట్టును బలంగా లాగితే కవరు మధ్యలో లోపలికి వంగి అంచులు లేస్తాయి, లీకు పెరుగుతుంది. టాపెట్ కవరుదీ అదే కథ. వంగిన కవరును దళసరి అద్దం మీద ఎమరీ పేపరు పరిచి, అన్నివైపులా సమంగా రుద్దితే అంచు మళ్లీ చదునవుతుంది. దాని మీద కొత్త ప్యాకింగ్ వేసి, పానాను వేళ్లతో పట్టుకుని బిగిస్తే చాలు.

అల్యూమినియంలో మర పోతే అది వేరే ఖర్చు. కొత్త మర కొట్టించి ఇన్సర్ట్ వేయించాలి.

బాంజో బోల్టుల రాగి వాషర్లు ఒకసారి నలిగాక గట్టిపడతాయి. కొత్తవి దొరక్కపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి చల్లార్చి, మసి తుడిచి వేయండి, మళ్లీ మెత్తబడతాయి.

అపోహ: గమ్ము ఎంత ఎక్కువ రాస్తే అంత గట్టి.

ఇది ప్రమాదకరం. కుడివైపు టైమింగ్ కవరులోనే ఆయిలు పంపులు రెండూ ఉంటాయి, ఒకటి పంపేది, ఒకటి వెనక్కి లాగేది. ఆయిలు దారులు కూడా ఆ కవరు గుండానే పోతాయి. బయటికి ఎంత గమ్ము పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. ఆ తునక తెగి దారికి అడ్డుపడితే బిగ్ ఎండ్‌కు (కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగుకు) ఆయిలు అందదు. లీకు ఆపబోయి ఇంజనే పట్టేస్తుంది. అక్కడ కాగితం ప్యాకింగే వాడండి, దాని రంధ్రాలు కవరు రంధ్రాలకు సరిపోయాయో లేదో చూసుకుని మరీ. క్రాంక్‌కేసు రెండు సగాల మధ్య మాత్రం గమ్మే వాడతాం, అదీ పల్చటి పూతగా. బయటినుంచి పూసే ఎం-సీల్ దారిలో ఆగిపోతే ఇంటికి చేర్చడానికి తప్ప దేనికీ పనికిరాదు.

అపోహ: చాలారోజులు నిలిపిన బండి స్టార్ట్ చేయగానే పొగ, ఆయిలు కక్కితే బోరు పని పడినట్టే.

తొందరపడకండి. ఈ ఇంజనుకు ఆయిలు ట్యాంకు క్రాంక్‌కేసులోనే వెనుక గదిగా ఉంటుంది. వారాల తరబడి నిలిపితే ఆ ఆయిలు పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు తిరిగే గదిలోకి దిగుతుంది. స్టార్ట్ చేయగానే క్రాంకు దాన్ని చిలికి పైకి, బ్రీదరులోకి కొడుతుంది. కాసేపటికి పంపు దాన్ని వెనక్కి లాగేస్తుంది, పొగ తగ్గుతుంది. తగ్గకపోతేనే రింగుల సంగతి చూడాలి.

దీనికంటే పెద్ద పొరపాటు ఇంకోటి జరుగుతుంది. నిలిపిన బండికి డిప్‌స్టిక్ చూసి, ఆయిలు తగ్గిందని అర లీటరు పోసేస్తారు. నిజానికి ఆయిలు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఎక్కువైంది, ఆ ఎక్కువంతా బయటికే వస్తుంది. పది పదిహేను నిమిషాలు నడిపి, ఆపి, రెండు నిమిషాలు ఆగి అప్పుడు లెవెల్ చూడండి.

అపోహ: చిక్కటి ఆయిలు పోస్తే లీకు ఆగుతుంది.

ఆగదు. బొట్టు పడటం కాస్త నెమ్మదిస్తుందేమో, అంతే. చలికి చిక్కబడిన ఆయిలు పైన రాకర్లకు ఆలస్యంగా అందుతుంది. ఈ ఇంజనుకు 20డబ్ల్యు-50 గ్రేడు ఆయిలు చాలు.

అపోహ: కొత్త సీలు వేశాక కూడా కారుతోందంటే సీలు నకిలీది.

కావచ్చు. కానీ ముందు షాఫ్టును గోటితో గీసి చూడండి. పాత సీలు పెదవి (షాఫ్టును తాకే అంచు) రాసుకుని గాడి పడి ఉంటే, ఎంత మంచి సీలైనా ఆ గాడిలో కారుతుంది. సీలును ఒకట్రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టే చోటుంటే పెదవి కొత్త జాగాలో పడుతుంది. స్ప్రింగు ఉన్న వైపు ఆయిలు వైపుకే ఉండాలి. వేసేముందు పెదవికి కొంచెం ఆయిలు రాయాలి, పొడిగా వేస్తే మొదటి తిరుగుడులోనే చిరుగుతుంది.

అపోహ: చిన్న లీకేగా, నెలకోసారి పోసుకుంటే సరి.

ఈ బండికి వెనుక చైను, బ్రేకు డ్రమ్ము రెండూ ఎడమవైపే. ప్రైమరీ అడుగునుంచో గేరుబాక్సు స్ప్రాకెట్ దగ్గరనుంచో కారే ఆయిలును చైను వెనక్కి మోసుకుపోయి టైరు పక్కన, డ్రమ్ము చుట్టూ చిమ్ముతుంది. వాన పడ్డ రోడ్డు మీద మలుపు తీసుకునేటప్పుడు అది మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. ఎడమవైపు లీకున్న బండిని బయటికి తీసే ప్రతిసారీ టైరు పక్కను గుడ్డతో తుడిచి చూడండి. ఆయిలు అంటితే సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే నడపండి. బ్రేకు లైనర్లకు ఆయిలు పట్టి ఉంటే కడిగి, కాల్చి వాడొద్దు. లీకు బాగుచేయించాక కొత్త లైనర్లు వేయించండి.