అనగా, అనగా…

చిరంజీవులైన పిల్లలకు మీ అమ్మమ్మ ఆశీర్వదించి రాసే ఉత్తరం.

పోయిన సెలవుల్లో ఏడు చేపల కథ చెబుతుండగా, "నిన్న పాలేరుకు అవ్వ అన్నం పెట్టలేదన్నావు, ఇవాళ అమ్మ పెట్టలేదంటున్నావు, ఇందులో ఏది నిజం?" అని మీలో చిన్నవాడు నన్ను నిలదీశాడు. అప్పటికే పొద్దుపోవడంతో సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న మాత్రం ఇన్నాళ్లూ నా మనసులో మెదులుతూనే ఉంది.

జవాబు మన భాషలోనే ఉంది. అనగనగా అంటే "అనగా, అనగా" అని. ఒకరు అనగా మరొకరు విని, వారు అనగా ఇంకొకరు విన్న మాట అన్నమాట. ఆ తరువాత వచ్చే వాక్యాల చివర "ఉండేవాడట", "వెళ్లాడట" అని ఒక "అట" చేరుతుంది. ఇది నేను కళ్లారా చూసినది కాదు, చెవులారా విన్నది అని చెప్పేవాళ్లు ఆ చిన్న మాటతోనే ఒప్పుకుంటారు. వినేవాళ్లకూ ఒక పని ఉంది, ఊ కొట్టడం. ఊ ఆగిందంటే కథ ఆగినట్టే.

ఇలా నోటి నుంచి చెవికి చేరినవన్నీ ఒకే రకం కథలు కావు. లోకం ఎలా పుట్టింది, మనుషులకు చావు ఎందుకు వచ్చింది అని చెప్పేవి పురాణగాథలు; వాటిని చెప్పుకొనేవారికి అవి కల్పనలు కావు, విశ్వాసాలు. ఒక కొండనో చెరువునో చూపించి ఇక్కడే జరిగిందని చెప్పేది ఐతిహ్యం; "ఇలా అని చెబుతారు" అనే అర్థమున్న "ఇతి హ" నుంచి ఆ పేరు వచ్చింది. ఊరూ పేరూ లేని రాజుగారికి ఏడుగురు కొడుకులు ఉన్నారంటే అది జానపద కథ.

కాగితం లేకుండా ఇవి ఎలా నిలిచాయో చూడాలంటే మన చేప దగ్గరికే రండి. చేప ఎండకపోవడానికి గడ్డిమేటు అడ్డం వచ్చింది, గడ్డిమేటు అడ్డం రావడానికి ఆవు మేయలేదు, ఆవు మేయకపోవడానికి పాలేరు మేపలేదు. గమనించారా, ప్రతి జవాబులోనూ తరువాతి ప్రశ్న ఎవరిని అడగాలో ఉంది. గొలుసులో ఒక కొక్కెం పట్టుకుంటే రెండోది దానంతటదే చేతికి వస్తుంది కాబట్టి, చదువు రాని ముసలమ్మ నుంచి మాటలు కూడా సరిగా రాని పసివాడి దాకా ఎవరూ దారి తప్పరు. అన్నం పెట్టనిది అవ్వ అయినా అమ్మ అయినా, చివరికి చీమ "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అనే తీరాలి. ఆ మాట లేకపోతే అది ఏడు చేపల కథే కాదు.

పెద్ద కథలకూ ఇదే పద్ధతి. 1933–35 మధ్య మిల్మన్ పారీ అనే అమెరికన్ పండితుడు యుగోస్లావియాకు వెళ్లి, అక్కడ వీరగాథలు పాడేవారి పాటలను రికార్డు చేశాడు. వారిలో అవ్దో మెజెదోవిచ్ అనే ఆయన చదువు రానివాడైనా, 12 వేలకు పైగా పంక్తులున్న ఒక్క గాథను చెప్పి రాయించాడు. ఆ గాయకులు తాము విన్నది మాట పొల్లుపోకుండా పాడుతున్నామని గట్టిగా నమ్మేవారు. రికార్డులను పోల్చి చూస్తే మాత్రం మాటలు మారాయి, కథ నిలిచింది. వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనుకోను. వాళ్ల దృష్టిలో కథ అంటే మాటల వరుస కాదు, జరిగిన సంగతుల వరుస. అచ్చయిన కథను నేను తక్కువ చేయను గాని, అందులో ఉన్నది ఎవరో ఒక రోజున చెప్పిన తీరు మాత్రమేనని గుర్తుంచుకోండి.

ఇక "నిజం" సంగతి. ఇండోనేషియాలో సుమత్రా పక్కన సిమ్యులూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ భూకంపం వచ్చి, వెంటనే సముద్రం పొంగి ఎంతోమందిని పొట్టన పెట్టుకుంది. బతికినవారు ఆ పొంగును "స్మోంగ్" అని పిలిచి, దాని సంగతి పిల్లలకు కథగానూ జోలపాటగానూ చెబుతూ వచ్చారు: నేల గట్టిగా కంపించి, సముద్రం వెనక్కి తగ్గితే, దేనికోసమూ ఆగకుండా కొండెక్కండి. 2004 డిసెంబర్ 26న నేల కంపించినప్పుడు, కొన్ని ఊళ్లకు అల రావడానికి పది నిమిషాల వ్యవధి కూడా లేదు. హెచ్చరించే యంత్రాలూ లేవు. "స్మోంగ్" అన్న ఒక్క కేక విని జనం కొండల మీదికి పరుగెత్తారు. సుమారు 78 వేలమంది ఉన్న ఆ దీవిలో చనిపోయినవారు ఏడుగురు. 1907 నాటి అలను చూసినవారు చాలామంది ఎప్పుడో కాలం చేశారు. వారి మనవలను, మునిమనవలను కాపాడింది చెవిన పడిన ఆ కథే.

మొన్న మీ అమ్మ ఫోనులో ఒక మాట చెప్పింది. చిన్నవాడు చెల్లెలికి ఏడు చేపల కథ చెబుతూ, గడ్డిమేటు ఎన్నడూ చూడనివాడు కాబట్టి కాబోలు, మేడ నీడ అడ్డం వచ్చిందని చెప్పాడట. ఆ తరువాత ఆవును, పాలేరును ఎలా కలిపాడో అమ్మ వినలేదు, నాకు రాసి పంపు నాయనా. చీమా, దాని బంగారు పుట్టా మాత్రం ఉన్నాయట. అది విని నాకు ఎంతో నిశ్చింతగా ఉంది.

మీ
అమ్మమ్మ