బ్లాక్ ఫ్లాగ్ ఎవరిది? ఈ తగవు 2013లో మొదలైంది కాదు

అమెరికన్ పంక్ బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్‌ను స్థాపించిన గిటారిస్ట్ గ్రెగ్ గిన్ 2025లో ఇరవైల్లో ఉన్న ముగ్గురితో ఆ బ్యాండ్‌కు కొత్త లైనప్ ప్రకటించడంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. అదే ఏడాది మే నెలలో లాస్ వెగాస్‌లో పాత సభ్యులు ‘ఫ్లాగ్’ పేరుతో అవే పాటలు వాయించారు. అసలు బ్యాండ్ ఏదని అభిమానులు రెండుగా చీలిపోయారు. చాలామంది ఈ కథను 2013లో వచ్చిన బ్లాక్ ఫ్లాగ్ ఆల్బమ్ ‘వాట్ ద...’ దగ్గర మొదలుపెడుతున్నారు. అంతకు ముప్ఫై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

బ్యాండ్ పుట్టిన కాలిఫోర్నియా ఊరు హెర్మోసా బీచ్ రోజులు, పోలీసుల దాడులు, వరసగా మారిన గాయకులు అందరికీ తెలిసినవే. చూడాల్సింది 1981లో వచ్చిన ‘డ్యామేజ్డ్’ ఆల్బమ్ తర్వాత జరిగింది. తల్లిదండ్రులకు వ్యతిరేకమైన రికార్డంటూ పెద్ద రికార్డు కంపెనీ ఎంసీఏ దాన్ని పంపిణీ చేయనంది. ఆ సంస్థ అధిపతి చెప్పిన ఆ మాటనే స్టిక్కర్‌గా అచ్చేయించి, అట్టల మీద ఎంసీఏ లోగోపై అంటించారు. ఆ తర్వాత ‘డ్యామేజ్డ్’ కోసం ఒప్పందం చేసుకున్న లేబుల్ యూనికార్న్ రికార్డ్స్‌తో తగాదా కోర్టుకెక్కింది. బ్లాక్ ఫ్లాగ్ పేరుతో కొత్త రికార్డు వేయకూడదని ఆంక్ష పడింది. అప్పుడు పాత రికార్డింగులతో ‘ఎవ్రీథింగ్ వెంట్ బ్లాక్’ తెచ్చారు. అట్ట మీద బ్యాండ్ పేరు లేదు, వాయించినవాళ్ల పేర్లు ఉన్నాయి. కోర్టు ధిక్కారం కింద గిన్, బాసిస్ట్ చక్ డుకోవ్‌స్కీ ఇద్దరూ ఐదు రోజులు జైల్లో ఉన్నారు.

ఆ పేరు కోసం జైలుకెళ్లింది ఒక్క గిన్ కాదు. అయినా యూనికార్న్ దివాలా తీసి పేరు చేతికొచ్చాక 1984లో ‘మై వార్’ వచ్చేసరికి డుకోవ్‌స్కీ బ్యాండ్‌లో లేడు. టైటిల్ పాట ఆయన రాసిందే. బాస్ మాత్రం ‘డేల్ నిక్సన్’ అనే మారుపేరుతో గిన్ వాయించాడు. బ్యాండ్ ఒక్కడి సొత్తయింది అక్కడే.

‘వాట్ ద...’ 1985 తర్వాత వచ్చిన తొలి ఆల్బమ్. అది రాకముందే, 2013 ఆగస్టులో గిన్, ఆయన రికార్డు కంపెనీ ఎస్ఎస్‌టీ కలిసి పాత గాయకులు కీత్ మోరిస్, హెన్రీ రోలిన్స్, బాసిస్ట్ డుకోవ్‌స్కీ తదితరులపై కేసు వేశారు. పేరు, నాలుగు నల్ల పట్టీల లోగో తమవని గిన్ పక్షం వాదన. లోగో గీసింది ఆయన తమ్ముడు రేమండ్ పెట్టిబాన్. వాళ్లను ఆపే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి అక్టోబరులో జడ్జి నిరాకరించారు. ఎస్ఎస్‌టీకి హక్కున్నట్టు కనబడలేదన్నారు. ఏళ్ల తరబడి ఇతరులు వాడుకుంటుంటే అడ్డుకోలేదన్నారు. రెండు బ్యాండ్ల తేడా జనానికి తెలుసన్నారు. 2014లో రాజీ కుదిరింది. బ్లాక్ ఫ్లాగ్ పేరు గిన్‌కు, ఫ్లాగ్ పేరు మిగతావాళ్లకు దక్కాయి.

కాబట్టి కొత్త కుర్రాళ్లు ఆ పేరుతో వాయించడం తప్పేం కాదు. అయితే ఆ పేరు కింద వాళ్ల చోటు ఎంత గట్టిదో రాన్ రేయెస్‌కు జరిగింది చూస్తే తెలుస్తుంది. 1980 నాటి గాయకుడాయన. ‘వాట్ ద...’లో పాడిందీ ఆయనే. ఆల్బమ్ వచ్చిన కొద్ది రోజులకే, 2013 నవంబరులో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో షో నడుస్తుండగానే, మేనేజర్ మైక్ వలేలీ స్టేజీ ఎక్కి ఆయన్ని దిగిపొమ్మన్నాడు. రెండు నెలల్లో ఆ మైకు వలేలీ చేతికే వచ్చింది.