పదిహేడంగుళాల ముచ్చట

తిరుపతి,
కార్తీక మాసం, ముసురు పట్టిన మధ్యాహ్నం.

పెద్దోడికీ, అమ్మణ్ణికీ తాత ఆశీస్సులు.

ఈ సంగతి ఫోన్లో చెప్పాలని రెండుసార్లు చూశాను. పెద్దోడు "సరే తాతా, సరే తాతా" అంటూనే ఇంకేదో పనిలో ఉంటాడు. అమ్మణ్ణేమో నేనొక మాట పూర్తిచేసేలోపు మూడు ప్రశ్నలు వేస్తుంది. కాగితమైతే మధ్యలో ఎవరూ అడ్డం రారు కదా అని పెన్ను పట్టుకున్నా. రెండు రోజులుగా వాన వదల్లేదు, నా టైర్ల అంగడి వైపు పోయే పని కూడా లేదు.

పెద్దోడు కొన్న సెకండ్‌హ్యాండ్ కారుకు కంపెనీ బిగించిన 185/65 ఆర్15 టైర్లు పీకేసి, పదిహేడంగుళాల నల్ల అల్లాయ్ వీల్స్ ఎక్కిస్తాడట. సంక్రాంతి వెళ్ళాక స్నేహితులతో మద్రాసు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద తిప్పుతాడట. ఇంట్లో చెప్పొద్దని అమ్మణ్ణి చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఆ ఒట్టు సాయంత్రం దాకా నిలబడింది.

కోప్పడటానికి రాయడం లేదురా. నేనూ మీ వయసులో షోళవరం పందేలు చూడ్డానికి మద్రాసు రైలెక్కినవాణ్ణే. యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే అది, దానిమీదే కార్లు పరుగెత్తేవి. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఆ తర్వాత, 1990లో వచ్చింది. చుట్టు 3.7 కిలోమీటర్లు. అందరూ కార్లను చూస్తుంటే నేను వాటి కాళ్ళను చూసేవాణ్ణి. తర్వాత బతుకంతా ఆ కాళ్ళతోనే గడిచింది.

ముందు టైరు పక్కనుండే అంకెల సంగతి. 185 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే శాతం. రిమ్ము అంచు నుంచి బటన్ (నేలకు ఆనే గాడుల రబ్బరు) దాకా ఉండే రబ్బరు గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 పాళ్ళన్నమాట, అంటే 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, టైరు లోపలి అల్లిక రకం. 15 అనేది రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. ఒక్క టైరు మీద మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ ఉన్నాయని నవ్వొద్దు. మనం స్థలాన్ని అంకణాల్లో, ఇంటిని చదరపుటడుగుల్లో, పొలాన్ని ఎకరాల్లో చెప్పుకోవడం లేదా? నా రోజుల్లో అంబాసిడర్ టైరు మీద 5.90-15 అని మాత్రమే ఉండేది, అంతా అంగుళాలే.

ఇప్పుడు లెక్క చూడండి. పైన 120, కింద 120, మధ్యలో రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. కలిపితే సుమారు 621 మిల్లీమీటర్లు. చక్రం మొత్తం ఎత్తు ఇది. కారు స్పీడోమీటరుకు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో తెలుసు గానీ అదెంత పెద్దదో తెలియదు. అందుకే రిమ్ము మార్చినా ఈ 621 మారకూడదు. పదహారంగుళాలకు పోతే 195/55 వేస్తారు, మళ్ళీ 621 దగ్గరే ఆగుతుంది. పదిహేడుకు 205/45, అది 616. పరవాలేదు. "లావుగా ఉంటే బాగుంటుంది" అని పాత పదిహేను రిమ్ముకే 205/65 వేశారనుకో, 647 అవుతుంది. మీటరు 100 చూపిస్తుంటే కారు 104లో పోతుంటుంది. పికప్ కూడా మందగిస్తుంది.

ఇంకో లెక్క ఉంది, అంగట్లో దీన్నెవరూ చెప్పరు. 15కు రబ్బరు గోడ 120 మిల్లీమీటర్లు. 16కు 107. 17కు 92. అంటే పదిహేడంగుళాల ముచ్చట తీరాలంటే ఒక బొటనవేలి వెడల్పుకు మించి రబ్బరు వదులుకోవాలి. ఆ గోడ పొట్టిదైతే స్టీరింగ్ తిప్పగానే కారు చెప్పినమాట వింటుంది, నిజమే. భాకరాపేట ఘాట్ దారిలో రాత్రిపూట గుంటలో పడినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య అడ్డం ఉండేది కూడా ఆ గోడే. వానాకాలం పోయాక నా అంగడికి వచ్చిన బేరాల్లో శానా మటుకు పక్కగోడ మీద కోడిగుడ్డంత బుడగ లేచిన టైర్లే. లోపల దారాలు తెగితే అట్లా ఉబ్బుతుంది. దానికి పంక్చర్ వేసినట్టు మందు లేదు, టైరు మార్చాల్సిందే. ఇనప డిస్క్ వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు. అల్లాయ్ పగులుతుంది.

అమ్మణ్ణి అడిగింది: "టైరు వెడల్పైతే నేలమీద ఎక్కువ ఆనుతుంది కదా తాతా, ఎక్కువ పట్టు ఉండాలి కదా?" మంచి ప్రశ్న. కారూ నడిపే మనిషీ కలిపి వెయ్యి కిలోలు అనుకుందాం. చక్రానికి 250 కిలోలు. గాలి 33 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 33 పౌండ్ల ఒత్తిడి. ఆ బరువును ఆ గాలి మోయాలంటే నేలకు ఆనే రబ్బరు ఉజ్జాయింపుగా 108 చదరపు సెంటీమీటర్లుంటే చాలు. మీ జేజి అరచెయ్యంత. నాలుగు చక్రాలకు నాలుగు అరచేతులు. 140లో పోతున్నా, కొండ దిగుతున్నా కారుకూ భూమికీ ఉన్న సంబంధం అంతే. వెడల్పు టైరు వేస్తే ఆ అరచెయ్యి పెద్దగా పెరగదు, అడ్డం తిరుగుతుంది: ముందు నిలువుగా పొడుగ్గా ఉన్నది ఇప్పుడు పొట్టిగా, అడ్డంగా వెడల్పుగా అవుతుంది. పొడిరోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు ఆ ఆకారం మేలు చేస్తుంది. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద అదే వెడల్పు ఎక్కువ నీటిని తోయాల్సి వచ్చి, టైరు నీటి మీదికెక్కి తేలిపోతుంది.

ఆ అరచేతి పట్టు నెల జీతం లాంటిది. బ్రేకుకు ఖర్చుపెడితే మలుపుకు మిగలదు. మలుపులోకి దూరాక బ్రేక్ తొక్కేవాడు ఒకే రూపాయి ఇద్దరికీ ఇస్తానన్నవాడి లాంటివాడు. బ్రేకేదో ముందే వేసి, తర్వాత తిప్పాలి. ట్రాక్ మీద నేర్పించే మొదటి పాఠమూ ఇదే, పాత ఘాట్ రోడ్డు మీద మా ముసలి డ్రైవర్లు చెప్పిందీ ఇదే.

ఆ ఘాట్ మాట వచ్చింది గాబట్టి నా తెలివితక్కువ పని ఒకటి చెబుతా. అప్పట్లో నా కారుకు నేనే ముచ్చటపడి వెడల్పు టైర్లు వేశాను. అంగడి ముందు ఒక్కణ్ణే కూర్చుని అటూఇటూ తిప్పి చూశా, ఎక్కడా తగల్లేదు. ఆ ఆదివారం ఐదుగురం కొండకు పోయాం. దిగేటప్పుడు డిక్కీ నిండా సామాను, లడ్ల సంచులు. 1944లో వేసిన ఆ పాత దారిలోనే కదా ఇప్పటికీ కిందికి దిగేది. ఆ హెయిర్‌పిన్ మలుపుల్లో స్టీరింగ్ నిండా తిప్పిన ప్రతిసారీ ముందు చక్రం లోపల "గర్ర్" మని గీసుకోవడం. మీ జేజి మొదటి మలుపు నుంచి అలిపిరి దాకా గోవింద నామాలు ఆపలేదు. ఇంటికొచ్చి చూస్తే టైరు భుజం (బటన్, పక్కగోడ కలిసే అంచు) మీద వేలెడు వెడల్పున రబ్బరు చెక్కేసినట్టుంది. కొత్త సైజు వేశాక పరీక్ష ఎట్లా చేయాలో ఆరోజు తెలిసింది: నిండు బరువు, నిండు స్టీరింగ్, రెండూ కలిసి. (కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం పెట్టింది. పెద్దోడా, ఇది నీకే చెబుతున్నా. ట్రాక్ ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, శేషాచలంలో లేదు.)

సైజు తర్వాత ఉండే అంకెను, అక్షరాన్ని ఎవరూ చూడరు. మీ కారు టైరు మీద 88హెచ్ అని ఉంటుంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. పదహారంగుళాల 195/55లో మామూలుగా వచ్చేది 87, అంటే 545. పదిహేడు 205/45లో 84 దొరుకుతుంది, అది 500 కిలోలే. చూడ్డానికి పెద్ద చక్రం, మొయ్యడానికి చిన్నది! అదే సైజులో 88 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) కూడా ఉంటుంది గానీ, దానికి గాలి ఎక్కువ కొట్టాలి, అప్పుడు నడుము నొప్పి మనది. కంపెనీ ఇచ్చిన అంకెకు తక్కువది మాత్రం ఎవడు ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

ఇక ట్రాక్. రోడ్డు టైరును వేల కిలోమీటర్లు అరగకుండా, పొద్దున చల్లగా ఉన్నా, వానలో తడిసినా పట్టు తప్పకుండా ఉండాలని తయారుచేస్తారు. ట్రాక్ టైరు రబ్బరు మెత్తన, 80, 90 డిగ్రీల వేడి ఎక్కితేగానీ దానికి పని చేయబుద్ధి కాదు. చల్లగా ఉన్నప్పుడు అది మొద్దు. కొన్ని టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ అని అంకె ఉంటుంది. మామూలు రోడ్డు టైర్లకు 300 నుంచి 500 దాకా, ట్రాక్ కోసం కొనేవాటికి 200, అంతకు తక్కువ. అంకె తగ్గేకొద్దీ పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చకండి. ఎవరి టైరుకు వాళ్ళే పరీక్ష చేసి వేసుకునే మార్కులవి.

రోడ్డు టైర్లతోనే ట్రాక్‌లోకి దిగితే ఏమవుతుంది? మొదటి మూడు చుట్లు బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత బటన్లు వేడెక్కి, అటూఇటూ ఊగి, కారు వెన్న మీద నడిచినట్టు జారుతుంది. ఆగకుండా ఇంకా తోలితే భుజాల దగ్గర రబ్బరు ముక్కలు ముక్కలుగా లేచిపోతుంది. ఇక్కడే ఒక తమాషా ఉంది. పొడి ట్రాక్ మీద కొత్త రోడ్డు టైరు కన్నా సగం అరిగిన టైరే మేలు. బటన్ పొట్టిదైతే ఊగడం తక్కువ, వేడి తక్కువ. అందుకే కొందరు పందెగాళ్ళు కొత్త టైరును కావాలని చెక్కించుకుని వేసుకునేవాళ్ళు. డబ్బులిచ్చి కొన్నదాన్ని చెక్కించడమేమిటని మా నాయన ముక్కున వేలేసుకున్నాడు.

గాలి సంగతి జాగ్రత్తగా వినండి. చల్లటి టైరులో 33 పెట్టి దిగితే నాలుగైదు చుట్లకే 38, 40 అవుతుంది. అప్పుడు టైరు ఉబ్బి మధ్యలో మాత్రమే నేలకు ఆనుతుంది. అందుకని ఒక విడత తిప్పి బయటికి రాగానే, వేడి మీదున్నప్పుడే రోంత రోంత వదలాలి. ఎంత వదలాలో చెప్పడానికి చాక్‌పీస్ చాలు: టైరు భుజం మీద, పక్కగోడ దాకా ఒక గీత గీయండి. గీత భుజం అంచు వరకు చెరిగితే సరిగ్గా ఉన్నట్టు. పక్కగోడ మీద కూడా చెరిగిపోతే గాలి తక్కువై టైరు మడతపడుతోందని అర్థం. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు, టైర్లు చల్లారాక, మళ్ళీ 33 కొట్టించుకోవాలి. ట్రాక్ మీద గాలి వదిలి, అట్లాగే తిరుత్తణి దాటి హైవే మీద తోలుకొచ్చేవాడికి రాత్రంతా మెత్తటి టైరు ఉడుకుతూనే ఉంటుంది.

ట్రాక్ టైర్లనే రోజూ తిప్పుతానంటే మాత్రం ఒప్పుకోను. వాటిలో నీళ్ళు పోయే గాడులు తక్కువ. 2021 నవంబరు మర్చిపోయారా? ఊరు ఊరంతా చెరువైంది, కొండ మీద బండలు విరిగి రోడ్డు మీద పడ్డాయి. మనకు పెద్ద వానలు వచ్చేదే ఈ నెలల్లో. బటన్ 1.6 మిల్లీమీటర్లకు వస్తే చట్టం ప్రకారం టైరు పని అయిపోయినట్టే, గాడుల మధ్య చిన్న గట్లు బటన్‌కు సమానమైతే అదే గుర్తు. నేనైతే కొండకు పోయే కారుకు 3 దగ్గరే మార్చేస్తా. రెండే కొత్తవి కొంటే వాటిని వెనక్కి వేయండి. ముందు చక్రం జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, వెనకది జారితే కారు తిరిగిపోయాకే తెలుస్తుంది.

మరి పెద్దోడేం చేయాలి? రోడ్డుకు పదిహేనంగుళాలే ఉంచుకో. ట్రాక్ కోసం ఇంకో నాలుగు పదిహేను రిమ్ములు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని, వాటికి మెత్తటి రబ్బరు వెయ్యి. రిమ్ము పెద్దదైతే వేగం పెరుగుతుందనుకోవడం ఉత్త మాట. ఫార్ములా వన్ కార్లు 2021 దాకా 13 అంగుళాల రిమ్ముల మీదే పరుగెత్తాయి, 2022లో 18కి మార్చారు. పెద్ద రిమ్ముకున్న అసలు కారణం లోపల పెద్ద బ్రేకు పట్టడం. నీ కారు బ్రేకు పదిహేనులో హాయిగా పడుతోంది. పైగా పదిహేడు అల్లాయ్, టైరు కలిపితే పదిహేను కన్నా బరువుండే అవకాశమే ఎక్కువ. ఆ బరువు చక్రం అంచున ఉంటుంది. తాడు చివర రాయి కట్టి తిప్పి చూడు, తెలుస్తుంది. అంగట్లో కాటా మీద పెట్టించి రెండూ తూయించు, సిగ్గుపడకు.

అల్లాయ్ కొనేటప్పుడు బోల్టుల లెక్క, అవి ఉండే వలయం అడ్డకొలత (పీసీడీ), లోపలి రంధ్రం సరిపోయిందో లేదో, ఈటీ అంకె (చక్రం లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చుంటుందో చెప్పేది) కంపెనీదానికి దగ్గరగా ఉందో లేదో చూడాలి. జేడబ్ల్యూఎల్ ముద్ర (అల్లాయ్ రిమ్ములకు జపాన్ వాళ్ళ నాణ్యత గుర్తు) లేని రిమ్ము జోలికి పోవద్దు. ట్రాక్‌లో ప్రతి విడత తర్వాత నట్లు మళ్ళీ బిగించాలి. స్టెప్నీ, జాకీ, కాళ్ళకింది పట్టాలు ముందే దింపెయ్యాలి.

టైరు పుట్టినరోజు కూడా చూడండి. చివర నాలుగంకెలు: 2319 అంటే 2019లో 23వ వారం. మన పక్కనే చినపాండూరులో 2020 నుంచి అపోలో ఫ్యాక్టరీ నడుస్తోంది, అటు అరక్కోణంలో ఎంఆర్ఎఫ్ ఉంది. ఫ్యాక్టరీ గడపలో ఉన్నంత మాత్రాన అంగట్లో టైరు తాజాదని కాదు. మన ఎండకు మేడ మీద రెండేళ్ళు పడి ఉన్న టైరు పక్కగోడ చూస్తే ఎండిన చెరువడుగులా ఉంటుంది.

పెద్దోడా, పై శనివారం కారు తీసుకుని రా. బ్రేక్ కాలిపర్‌కూ రిమ్ముకూ మధ్య ఎంత జాగా ఉందో నేనే కొలుస్తా. పాత టైర్లు నాలుగూ ఎవరికీ అమ్మొద్దు, సగం అరిగాయన్నావు కదా, మొదటిసారి ట్రాక్‌కు అవే చాలు. అమ్మణ్ణీ, నువ్వు ఈలోపు ఆ కారు స్టెప్నీ మీది నాలుగంకెలు చదివి నాకు ఫోన్ చెయ్యి. ఆ కారు పాత ఓనరు దాన్ని ఒక్కసారైనా దించి చూశాడని నాకు నమ్మకం లేదు.

మీ తాత